పశువుల పాక పక్కన ఆసుపత్రి

మా వైద్య శాఖలో ఎవరికైనా ఎగ్జిబిషన్ డ్యూటీ పడిందంటే మిగతావాళ్ళు కుళ్ళుకునేవారు. మూడు రోజులపాటు కాన్పులుండవు, సెలైన్లుండవు, వేళకాని వేళ తలుపు బాదేవాళ్ళుండరు. బల్ల మీద బీపీ మిషను, పసిపిల్లల బరువు తూచే తక్కెడ పెట్టుకుని, వెనకాల పోస్టర్లు అంటించుకుని కుర్చీలో కూర్చోవడమే పని. మధ్యాహ్నం పులిహోర పొట్లం, సాయంత్రం టీ. ముప్పై ఆరేళ్ళ నర్సు ఉద్యోగంలో నాకు ఆ డ్యూటీ ఒకే ఒక్కసారి పడింది. అప్పటికి రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. అది కూడా పడకపోయి ఉంటే, నేను చాలా మంచి నర్సునన్న నమ్మకంతోనే పూలదండ వేయించుకుని ఇంటికొచ్చేసేదాన్ని.

నర్సింగు చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అని అడుగుతారు. నాగావళి వరదల్లో పడవ మీద చేసిన కాన్పు గురించి చెప్పి, పకోడీలు పెట్టి పంపించేస్తుంటాను. ఆ కేసు నిజమే, నేను బాగా చేసిన మాటా నిజమే. కానీ మరిచిపోలేనిది అది కాదు. అసలుది చెబుదామంటే, ఎదురుగా ఆ లేత మొహాలు కనిపిస్తుంటే నోరు పెగలదు. అందుకని రాస్తున్నాను. చదువుకోండి.

శ్రీకాకుళంలో ఒక కాలేజీ మైదానం. డిసెంబరు. జిల్లా ప్రదర్శనలో ప్రతి శాఖకీ ఒక స్టాలు ఇచ్చారు. మా స్టాలుకి ఎదురుగా పొడుగాటి రేకుల షెడ్డులో బడిపిల్లల చేతిపనులు పెట్టించారు. 'మా ఊరి పండగ' అన్నది వాళ్ళకిచ్చిన అంశం. తమ ఊళ్ళో దొరికే సరుకుతోనే చెయ్యాలని షరతు. విజయనగరం వైపు నుంచి వచ్చిన పిల్లలు సరుగుడు కర్రతో సిరిమాను చేసి, దాని కొసన బుల్లి పూజారిని కూర్చోబెట్టారు. ఇంకో బడివాళ్ళు గంగమ్మ జాతర చేసి, బల్లంతా కాగితప్పడవలతో నింపేశారు. సరిగ్గా నా కుర్చీకి ఎదురుగా ఉన్న బల్ల మాత్రం ఖాళీగా ఉంది. మొదటి రోజు పొద్దున్న తొమ్మిదింటికి ఐదుగురు పిల్లలు గోనెసంచులు మోసుకుంటూ దాని దగ్గరికి వచ్చారు. వెనకాల వాళ్ళ డ్రాయింగు మాస్టారు. సన్నగా, ఎవరు గట్టిగా మాట్లాడినా ముందు "సారీ అండి" అనేసే మనిషి.

గోనె విప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. క్రిస్మస్ పాక!

మాది మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. సండే స్కూలు పిల్లలకి ఇరవై ఏళ్ళు ఈ కథ చెప్పాను. కాన్పు నొప్పులతో మరియమ్మ, పక్కన యోసేపు, ఎక్కే గుమ్మం దిగే గుమ్మం, సత్రంలో చోటు లేదంటారు, చివరికి పశువుల పాకలో బిడ్డ పుడతాడు. సత్రం యజమాని గొంతు నేనే పెట్టి "లేదు, లేదు, పొండి!" అని అరిస్తే పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఆ వేషం నాకు బాగా కుదురుతుందని మా పాస్టరమ్మ గారు మెచ్చుకునేవారు కూడా.

అందుకే కుర్చీ వదిలేసి ఆ బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. నాతో డ్యూటీలో ఉన్న సూపర్‌వైజరు ఎచ్చెర్ల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. "అక్కా, స్టాల్లో ఒకరైనా ఉండాల గదా" అని గొణిగాడు.

"నువ్వున్నావు గదా తమ్ముడూ" అన్నాను.

పిల్లల్లో పెద్దది తొమ్మిదో తరగతి పిల్ల. రెండు జడలు, మాట ఖణీమంటోంది. పని చేసేదీ చేయించేదీ ఆ పిల్లే. ఉప్పు మళ్ళ గట్ల మీద దొరికే నల్లమట్టితో బొమ్మలు చేశారు. తాటాకు కప్పు. కొబ్బరి పీచుతో మేకలు. ఆ మేకలు బక్కచిక్కి కనిపిస్తే, నా బల్ల మీది దూది తెచ్చి ఇచ్చి అంటించమన్నాను. సంతోషంగా అంటించుకున్నారు.

"గడ్డి నేదేటర్రా పాకలో? ఈ బస్తాలేటి?" అన్నాను.

"ఉప్పు బస్తాలండి. మాకాడ పశువుల పాకలు తక్కువ. ఉప్పు దాసే పాకలే ఉన్నాయి" అంది ఆ పిల్ల.

"మరి ఈ తెల్లగా సల్లినారు, మంచేటి?"

"ఉప్పేనండి. మంచు మాకెక్కడిది?"

నాకు నవ్వాగలేదు. ఎంత చక్కటి బుర్రో అనిపించింది. పాక ముందు రెండు పుల్లల మధ్య ఎరుపు తెలుపు చారల కర్ర ఒకటి అడ్డంగా పెట్టారు. అలంకారమనుకున్నాను. మరియమ్మ పడుకుని ఉంది. యోసేపు లుంగీ కట్టాడు. తొట్టిలో పాత చీర గుడ్డ పరిచి ఉంది, బిడ్డ లేడు. దానికి నేనేమీ ఆశ్చర్యపోలేదు. మా చర్చీల్లో అది ఆనవాయితీయే. పండగ వరకూ తొట్టి ఖాళీగా ఉంచి, పండగ ఆరాధనలో చిన్నపిల్లల చేత బాలయేసు బొమ్మను పెట్టిస్తాం. 'పద్ధతి తెలిసిన పిల్లలు' అనుకుని మురిసిపోయాను.

పాకకు జానెడు దూరంలో తెల్లటి అట్టపెట్టె ఇల్లు. సగం తలుపు. తలుపు వెనక తెల్లచీరలో ఆడమనిషి.

"సత్రమాయన ఆడమనిషైపోనాడేటే?" అన్నాను.

"సత్రం కాదండి, ఆసుపత్రి" అంది ఆ పిల్ల, మేకకి దూది అద్దుతూనే. "మాకాడ సత్రాల్నేవు. నొప్పులొచ్చిన మనిషి ఏటికెల్తాదండి సత్రానికి? ఆసుపత్రికి గదా ఎల్తాది. ఆ సిస్టరు పొమ్మన్నాది. ఈల్లు ఎల్లిపోనారు."

అది విని నేను మెచ్చుకున్నాను. నిజంగా మెచ్చుకున్నాను. "ఎంత బాగా మార్సినారే!" అని వంగి ఆ బొమ్మను దగ్గరగా చూశాను. మిగతా బొమ్మలన్నీ పిల్లల చేతివాటం, కళ్ళు రెండు చుక్కలు, నోరు ఒక గీత. ఇది అలా లేదు. కింది పెదవి కొంచెం ముందుకొచ్చింది. నుదుటి మీద మూడు మడతలు. రాగి తీగతో కళ్ళజోడు. కుడిచెవి పక్కన ఆ తీగ మీద తెల్లటి ముక్క ఒకటి చుట్టి ఉంది. ఆసుపత్రి ప్లాస్టరు ముక్క.

నా చెయ్యి దానంతటదే నా కళ్ళజోడు మీదికి పోయింది.

అప్పటికి రెండేళ్ళ కిందట నా కళ్ళజోడు కుడివైపు కాడ విరిగితే, ఆసుపత్రి ప్లాస్టరు చుట్టి ఏడెనిమిది నెలలు అలాగే వాడాను. మా డాక్టరమ్మ రోజూ ఎగతాళి చేసేది. అప్పుడు నేను ఉప్పు మళ్ళ వైపు ఒక చిన్న ఆసుపత్రిలో ఉండేదాన్ని. తరవాత కంటి ఆపరేషనైంది, కొత్త కళ్ళజోడొచ్చింది, అక్కడినుంచి బదిలీ కూడా అయింది.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగాను.

చెప్పింది. ఆ ఆసుపత్రి కిందికి వచ్చే ఊరే.

వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. రంగు చీరలో ఉన్నాను, కళ్ళజోడు మారింది, ఆ పిల్ల నన్ను పోల్చుకోలేదు. ఎవరో పెద్దాయన బీపీ చూడమని చెయ్యి చాపాడు. పట్టీ చుట్టాను, గాలి కొట్టాను, స్టెతస్కోపు చెవుల్లో ఉంది కానీ ఏమీ వినపడలేదు. అయినా నూట ఇరవై, ఎనభై అని రాసిచ్చేశాను. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఇక ఆ ఆసుపత్రిలో ఒక రోజు సంగతి చెప్పాలి.

ఎండాకాలం, మధ్యాహ్నం ఒంటిగంట. డాక్టరమ్మ మీటింగుకి వెళ్ళింది. అంతకు నెలముందు మా ఆసుపత్రిలో ఒక తల్లి చనిపోయింది. విచారణలు జరిగాయి. సమీక్షలో నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగేశారు. అప్పటినుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. గర్భిణి కార్డు మీద ఎర్రగుర్తు ఉంటే చాలు, మరో మాట లేకుండా పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపించెయ్యడమే. ఏం జరిగినా మన గడపలో జరగకూడదు. ఈ నియమం ఏ పుస్తకంలోనూ ఉండదు, కానీ ఉద్యోగంలో చేరిన మూడో నెలకే మీకు ఎవరో ఒకరు నేర్పిస్తారు.

ఆటో ఆగింది. ఒక ముసలామె, ఒక మొగమనిషి, వాళ్ళ మధ్య నిండు చూలాలు. నేను తలుపు దగ్గరే నిలబడి కార్డు అందుకున్నాను. ఎర్రగుర్తుంది. రక్తం తక్కువ.

"ఒక్కపాలి లోపలికి తీసుకెల్లి సూడు తల్లీ, నొప్పులు తెగ వస్తన్నాయి" అంది ముసలామె.

"ఇక్కడ వసతుల్నేవమ్మా. బేగి పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అని చీటీ రాసిచ్చాను. అంబులెన్సుకి ఫోను చేస్తే ముప్పావుగంట పడుతుందన్నారు. ఆ ఆటోలోనే వెళ్ళిపోమన్నాను. ముసలామె ఏవో కేకలు వేసింది, ఆ కేకలు నాకు గుర్తున్నాయి. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె మొహం నాకు గుర్తులేదు. మొత్తం నాలుగైదు నిమిషాల పని. ఆటో వెళ్ళాక లోపలికొచ్చి, కేరియరు విప్పి అన్నం తిన్నాను. వంకాయ కూర. అది గుర్తుంది.

ఇంకొకటుంది. బయటికి పంపిన కేసులకి ఒక రిజిస్టరు ఉంటుంది. అందులో చివరి గడి 'ఫలితం'. పంపినవాళ్ళు ఏమయ్యారో కనుక్కుని రాయాలి. ఎవరూ కనుక్కోరు. నెలాఖరున కూర్చుని పైనుంచి కిందదాకా ఒకటే మాట రాసుకుపోతాం: 'తల్లీ బిడ్డా క్షేమం'. మా ముందువాళ్ళు అలాగే రాశారు, నేనూ అలాగే రాశాను. అందంగా ఉంటుంది నా దస్తూరీ.

ఎగ్జిబిషన్ మొదటి రోజంతా ఆ కుర్చీలో కూర్చుని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్లాస్టరు చుట్టుకున్న కళ్ళజోళ్ళు లోకంలో లక్ష ఉంటాయి. ఒకవేళ నేనే అనుకున్నా, పాపం ఆ అమ్మాయి దారిలో ఉప్పు పాకలో కని ఉంటుంది, బిడ్డకిప్పుడు రెండో ఏడు వచ్చి ఉంటుంది, ఆ సంతోషంలోనే పిల్లలు ఇలా కథ కట్టి ఉంటారు. కథలో బిడ్డ పుట్టాడు కదా! తొట్టి ఖాళీగా ఉందంటే పండగ ఇంకా రాలేదు కనకే. ఇలా అనుకుని కొంచెం కుదుటపడ్డాను. మనిషి తనను తాను మోసం చేసుకోవడానికి దేవుడి ఆనవాయితీని కూడా వాడుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో రోజు పొద్దున్న ఆగలేక మళ్ళీ వెళ్ళాను. ఆ పిల్ల ఊడిపోయిన మేక కాలు అతికిస్తోంది.

"బాలయేసుని పండగ రోజు పెడతారేటే?" అని అడిగాను.

"నేదండి. పెట్టము."

"అదేటి? పెట్టకపోతే ఎలాగ?"

"మా వదిన వద్దన్నాదండి. తొట్టి అలాగే ఉంచమన్నాది." మేక కాలు నిలబడిందో లేదో చూసుకుని, తరవాత చెప్పింది. తేలిగ్గా చెప్పింది, చాలాసార్లు చెప్పిన సంగతిలాగ. "ఇది మా వదిన కతేనండి. ఆసుపత్రి కాడ పొమ్మన్నారు గదా, ఆటోలో ఎల్తంటే రైలు గేటు పడిపోనాది. ఇదిగో, ఇదేనండి గేటు. గూడ్సు బండి ఎంతకీ కదల్నేదు. పక్కనే ఉప్పు పాకుంటే అందులోకి మోసుకెల్లినారు. పాపండి. బొడ్డుతాడు మెడకి సుట్టీసుకున్నాది. మా అమ్మకి ఏటి సెయ్యాలో తెల్నేదు. ఏడవనేదండి పాప."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. అలంకారమనుకున్న ఆ చారల కర్ర నా వేళ్ళకి తగిలి కింద పడింది.

పిల్లల్లారా, మీరు ఈ విద్య నేర్చుకుంటున్నవాళ్ళు కాబట్టి మీకు అర్థమవుతుంది. మెడకి బొడ్డుతాడు చుట్టుకోవడం అంత అరుదేమీ కాదు. తల బయటికి రాగానే రెండు వేళ్ళు పోనిచ్చి తాడుని తల మీదుగా తప్పిస్తాం. బిగుసుకుంటే రెండు చోట్ల క్లిప్పు వేసి కోస్తాం. నేను ఎన్ని సార్లు చేశానో లెక్క లేదు. పక్కన ఆయాతో కబుర్లు చెబుతూ చేశాను. అసలు ఆ మధ్యాహ్నం ఆమెను బల్ల మీద పడుకోబెట్టి ఒక్కసారి పరీక్ష చేసి ఉంటే, కాన్పుకి అరగంట కూడా లేదని, కదపకూడదని నర్సింగు రెండో ఏడాది పిల్లకి కూడా తెలిసిపోయేది. నేను కార్డు చూశాను. మనిషిని చూడలేదు.

"ఈ సిస్టరు బొమ్మ..." అన్నాను.

"అదొక్కటీ మా వదిన సేసినాదండి. మేం సేసినయ్యి బాలేవని మూడుపాల్లు పడగొట్టీసినాది."

మధ్యాహ్నానికి ఆ బల్ల దగ్గర జనం గుమిగూడారు. పిల్ల చెప్తోంది, ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. ఎవరో ఫోటోలు తీశారు. ఒకాయన ఏ ఆసుపత్రమ్మా అని ఆరా తీశాడు. మా సూపర్‌వైజరుకి సంగతి చేరిపోయింది. పరుగెత్తుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, రేపు ముగింపుకి పెద్దాఫీసరు వస్తారు. ఆ బొమ్మ గాని సూస్తే మన పని అయిపోనట్టే. నువ్వెల్లి తీయించీ. ఆల్లు మీ సర్చీ ఓల్లే గదా, నీ మాటైతే వింతారు."

అది ఎవరి బొమ్మో అతనికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా వెళ్ళాను. ఇది రాయకుండా దాటెయ్యవచ్చు, ఎవరూ అడగరు. కానీ నేను వెళ్ళాను. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, చర్చిలో మాట్లాడే గొంతుతో మాట్లాడాను.

"పండగ పూట ఇలాటిది ఎందుకే తల్లీ? ఆ ఒక్క బొమ్మా తీసీ. మిగతాదంతా ఎంత బాగున్నాది! పాపం, ఆ సిస్టరుకి ఏ ఇబ్బందుందో ఏటో, మనకేటి తెలుసు?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "ఆ సిస్టరు మీకు తెలుసేటండి?"

"తెల్దు" అన్నాను.

"మరైతే మీకేటి బాద?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. నేను తిరిగి నా స్టాలుకి వచ్చేశాను.

మూడో రోజు పదకొండింటికి పెద్దాఫీసరు వచ్చారు. డ్రాయింగు మాస్టారు అప్పటికే భయపడి, ఆసుపత్రి మీద తువ్వాలు కప్పేశారు. అదే కొంప ముంచింది. సిరిమాను చూసి, పడవలు చూసి, ఇక్కడికొచ్చేసరికి ఆఫీసరు తువ్వాలు ఎత్తారు.

"ఇదేమిటి?" అంటే ఆ పిల్ల కథంతా చెప్పింది.

మా సూపర్‌వైజరు ముందుకొచ్చాడు. "పిల్లల ఊహండి సార్."

"పిల్లలదా, మాస్టారిదా?" అన్నారాయన. "ప్రభుత్వ ప్రదర్శనలో ప్రభుత్వ ఆసుపత్రిని ఇలా పెడతారా? దీనికి ఆధారం ఏమిటి? పిల్లలకి అబద్ధాలు నేర్పిస్తున్నారా?"

"సారీ అండి, నేను వద్దన్నానండి, ఈ పిల్లేనండి..." అన్నారు మాస్టారు. ఆయన వేలు ఆ పిల్ల వైపు తిరిగింది. మూడు రోజులుగా ఆ పాకని పసిబిడ్డలా చూసుకున్న పిల్ల అందరి మధ్యా ఒంటరిగా నిలబడి ఉంది.

"అబద్దం కాదండి" అంది.

"సాక్ష్యం ఉందా?"

ఆ పిల్లకి ఏం తెలుస్తుంది సాక్ష్యం అంటే? తల దించేసుకుంది. ఆఫీసరు మాస్టారి వైపు తిరిగి, "తీసెయ్యండి. రేపు మీ వివరణ నా బల్ల మీద ఉండాలి" అన్నారు. మాస్టారు చెయ్యి చాపి ఆ బొమ్మ మెడ పట్టుకున్నారు.

నేను ముందుగా ఆలోచించుకున్నది ఏమీ లేదు. ధైర్యం అనేది నాలో ఎప్పుడూ పెద్దగా లేదు. ఆ వేళ్ళు బొమ్మ మెడ చుట్టూ బిగుసుకోవడం చూశాను, అంతే.

"అబద్ధం కాదు సార్. ఆ సిస్టరుని నేనే" అన్నాను.

మా సూపర్‌వైజరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆఫీసరు నన్ను చూశారు, నా వెనక స్టాల్లో 'కాన్పు ఆసుపత్రిలోనే క్షేమం' అన్న పోస్టరు చూశారు, మళ్ళీ నన్ను చూశారు. ఆయన కూడా అదిరిపోయారని ఇప్పుడు అనిపిస్తోంది. బొమ్మ మీంచి మాస్టారు చెయ్యి తీసేశారు. ఆఫీసరు పక్కనున్నవాళ్ళతో నా పేరు రాసుకోమని చెప్పి, ముందుకు నడిచారు.

ఆ పిల్ల ఒకసారి బొమ్మ మొహం చూసింది, ఒకసారి నా మొహం చూసింది. నా పాత కళ్ళజోడు తెచ్చి చూపిస్తే గానీ నమ్మదేమో అనిపించింది. కానీ నమ్మింది. వెనక్కి తిరిగి, మేకల మీద అంటించిన దూది ఒక్కొక్క ముక్కే పీకడం మొదలుపెట్టింది. మొత్తం పీకి, ఉండ చుట్టి, నడిచొచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అంతమంది ముందు నన్ను చెప్పుతో కొట్టినా అంత నొప్పి తెలిసేది కాదు.

తరవాత జరగాల్సింది జరిగింది. మెమో వచ్చింది, విచారణ జరిగింది. పాత రిజిస్టరు తెప్పించి విచారణాధికారి ఆ గడి పైకి చదివారు. 'తల్లీ బిడ్డా క్షేమం.' "ఈ దస్తూరీ మీదేనా?" నాదే అన్నాను. శిక్ష వేశారు. నా సర్వీసులో నేను అందుకున్న మెమోల్లో న్యాయమైనది అదొక్కటే, మిగతావన్నీ ఆలస్యంగా రిపోర్టులు పంపినందుకు. మాతోటి నర్సులు కొందరు నాకు మతి పోయిందన్నారు. మా సూపర్‌వైజరైతే, "నోరు మూసుకుని ఉండలేకపోనావేటక్కా, రెండేళ్ళల్లో ఎల్లిపోయేదానివి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మంచివాడే. మేమందరం మంచివాళ్ళమే, నన్ను అడిగితే అదే మా జబ్బు.

మీకు పెద్ద నీతులు చెప్పను. ఒకటే చెప్తాను. ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. తెలియకపోతే తెలియదని రాయండి. సమీక్షలో చివాట్లు తింటారు. తినండి.

పండగ వెళ్ళిపోయింది. ఆ ఏడాది చర్చిలో తొట్టిలో బొమ్మ పెట్టే వేళకి నేను లేచి బయటికి వచ్చేశాను. జనవరిలో ఒక పొద్దున్న టెక్కలి బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో నౌపడ వైపు వెళ్ళాను. దారిలో రైలు గేటు పడింది. డ్రైవరు ఇంజను ఆపి, బీడీ ముట్టించుకున్నాడు. ఎంతసేపు ఆగామో నాకు తెలియదు.

ఊళ్ళో అడిగితే ఆ పిల్ల వదిన ఉప్పు మళ్ళ దగ్గరుందన్నారు. ఉప్పు పండించే కాలానికి ముందు మళ్ళు తొక్కి చదును చేస్తారు. ఆమె మోకాళ్ళదాకా నల్లబురదలో నిలబడి మట్టి సర్దుతోంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఆమె మొహం అప్పుడు చూశాను. రోడ్డు మీద ఎదురైతే పోల్చుకోలేను. గట్టు మీద నన్ను చూసి ఆమె మాత్రం వెంటనే పోల్చుకుంది, కొత్త కళ్ళజోడైనా సరే.

"అమ్మా, నేను..." అన్నాను.

"తెలుసండి. మా ఆడబడుసు సెప్పినాది." మట్టి సర్దుతూనే ఉంది. కాసేపయ్యాక నడుం నిలబెట్టి, "బొమ్మ సూసినారు గదా. మొగం కుదిరినాదేటి?" అంది.

"కుదిరింది."

"కళ్ళజోడు?"

"అదీ కుదిరింది."

"సేతులు పెట్టనేదండి దానికి. కొంగు కప్పీసినాను, అందుకని ఎవులికీ తెల్నేదు. మొగమంటే సూసినాను గనక సేసినాను. సేతులు నామీద పడనేదు గదా, ఎలాగుంతాయో నాకు తెల్దు."

నా చేతులు సంచీ పట్టుకుని ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆమె గట్టు దగ్గరికి వచ్చింది. బురద చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుని, "ఇలాగ సాపండి" అంది.

సంచీ కింద పెట్టి చాపాను. రెండూ పట్టుకుని తిప్పి చూసింది. అరచేతులు చూసింది, గోళ్ళు చూసింది, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇయ్యేనేటి?" అంది.

"ఇయ్యేనమ్మా" అన్నాను.